నేను నేర్చిన నీలి యద్దకము

చీరకు రంగు వేయుట యనగా బజారులో రంగుపొట్లము కొని, వేడినీళ్లలో కలిపి, బట్టను ముంచి, నీడపట్టున ఆఱవేయుటయే యని నేను చాలకాలము తలచితిని. ఆ తలంపు తప్పని తెలియుటకు నాకు జపాను దేశమున రెండేండ్లు పట్టినది. ఆ రెండేండ్లలోను నేను నేర్చినది కొంచెమే. ఆ కొంచెమునైనను నేర్చుకొనునట్లు నన్ను పురికొల్పినది మా యమ్మ కట్టు తెల్లచీర. కావున ముందుగా దాని సంగతి చెప్పెదను.

మాది బందరు. మా నాయనగారు పోవునప్పటికి అమ్మకు నలువది యేండ్లు. నాటినుండి ముప్పది సంవత్సరములకు పైగా ఆమె తెల్లచీర తప్ప వేఱొండు కట్టి యెఱుగదు. ఆమెను నిర్బంధించిన వారెవ్వరును లేరు. మా నాయనమ్మయే, "రంగుచీర కట్టుకొనవే తల్లీ, ఈ రోజులలో నెవరేమందురు?" అని పలుమాఱు బతిమాలినది. మా యక్కయు నేనును పండుగకొక రంగుచీర తెచ్చుచునే యుంటిమి. అమ్మ దానిని కన్నుల కద్దుకొని బీరువాలో పెట్టి, తరువాత వచ్చిన పెండ్లిలో నెవరికో పెట్టివేయును. ఏల కట్టవని మేమడిగిన, "తెలుపు నాకలవాటైనదే అమ్మాయీ. రంగు కట్టుకొని అద్దములో చూచుకొన్న నన్ను నేనే ఆనవాలు పట్టలేను" అనును. ఆ మాట వినినప్పుడెల్ల నాకు కంట నీరు తిరిగెడిది, కోపమును వచ్చెడిది.

మా వారి యుద్యోగమునుబట్టి మేము కోబె నగరమునకు పోవలసివచ్చినది. ప్రయాణపు దినమున అమ్మ తన పాత నేతచీరలు రెండు నా పెట్టెలో పెట్టి, "చలిదేశమందురు. ఇవి మెత్తనివి, దేనికైన పనికివచ్చును" అన్నది.

కోబె నుండి అవాజి ద్వీపము మీదుగా బస్సులో సుమారు 2 గంటలు పోయిన, షికోకు ద్వీపమున తొకుషిమా చేరుదుము. పూర్వము ఆ సీమకు అవా యని పేరు. అక్కడ యొషినో యను పెద్ద నది కలదు. తుపాను దినములలో అది పొంగి పొలములను ముంచుచుండుటచే ఆ లోయలో వరి నిలుచుట కష్టముగా నుండెను. నీలిపైరైనచో తుపానులకు ముందే కోతకు వచ్చును. వఱద తెచ్చిన క్రొత్తమన్ను దానికి బలము. ఇట్లు ఆ లోయ నీలికి పుట్టినిల్లయినది. అయిజుమి యను నూర నొక పూర్వపు నీలివర్తకుని గృహమును ప్రదర్శనశాలగా నుంచినారు. చూడవచ్చినవారు అచ్చట చేతిగుడ్డ యొకటి తామే అద్దుకొనవచ్చును. నేనును ఒకటి ముంచితిని. బాననుండి పైకి తీసినప్పుడు బట్ట పసరువన్నెగా నున్నది. "ఇదేమి, నీలము గాదే!" యనుకొనునంతలో గాలి సోకి నా చేతులలోనే అది నీలమైనది. చిన్నపిల్లవలె మఱల మఱల ముంచితిని. ఈ విద్య నేర్చుకొనవలెనని ఆనాడే సంకల్పించుకొంటిని.

విచారింపగా, ఆ సీమయందే యొక పల్లెలో డెబ్బదియేండ్లు దాటిన యొక యమ్మగారు తన యింటి కొట్టములో బానలు పెట్టుకొని నలుగురైదుగురికి నేర్పుచున్నారని తెలిసినది. నెలకు రెండు శనివారములు వచ్చుటకు నాకనుమతి యిచ్చిరి. ఆమెను మేమందఱము "సెన్సే" యని పిలుచుచుంటిమి, గురువుగారని యర్థము. నా జపాను భాష అంతంత మాత్రము. ఆమెయు మితభాషిణి. కావున మా చదువు చాలవఱకు చూపులతోను చేతులతోను సాగినది.

ముందు ఆకు సంగతి. మన నీలిచెట్టు కంది, చిక్కుడుల వంశమునకు చెందినది. జపానువారి నీలి వేఱు మొక్క. మోకాలి యెత్తు దాటి పెరిగి, గులాబివన్నె చిన్నపూల గెలలు వేయును. మన దేశమున పచ్చియాకును నీటితొట్లలో నానబెట్టి, ఆ నీటిని చిలికి, అడుగున దిగిన మడ్డిని బిళ్లలుగా ఆఱబెట్టెడివారు. అవా సీమలో అట్లు గాదు. వేసవిలో కోసిన ఆకును ఎండబెట్టి, సెప్టెంబరులో కొట్టపు నేలపై కుప్పవోసి, నీరు చల్లి, కొలది దినముల కొకమాఱు తిరుగవేయుచు సుమారు 100 దినములు మాగవేయుదురు. కుప్ప తనంతట తానే వేడెక్కి ఆవిరులు క్రక్కును. కుప్ప వేయు నేలకు వారు "పడక" యనియు, చలి ముదిరినప్పుడు దానిపై కప్పు గడ్డిచాపకు "పఱుపు" అనియు పేర్లు పెట్టినారు. తుదకు నల్లని యెరువువంటి పదార్థము మిగులును. దానిని "సుకుమొ" యందురు. 1897 లో జర్మనీ దేశమునుండి కృత్రిమ నీలి బజారునకు వచ్చిన పిదప, మన నీలితోటలవలెనే ఈ పైరును క్షీణించినది. నేడు సుకుమొ చేయు కుటుంబములు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే యున్నవి.

సుకుమొను వట్టినీటిలో కలిపిన రంగు దిగదు. కట్టెల బూడిదను నీటిలో నానవేసి తేర్చిన క్షారజలముతో దానిని కలిపి, సున్నమును, గోధుమతవుడును, కొంచెము బియ్యపు సారాయమును చేర్చి వెచ్చగా నుంచవలెను. బానలు నాలుగింటిని మెడవఱకు నేలలో పాతి, నడుమ గుంతలో నిప్పు పెట్టి వెచ్చజేయుట పూర్వపద్ధతి. వారము పది దినములలో బాన పులియును. కంటికి కనబడని సూక్ష్మజీవులు తవుడు తిని పెరిగి, నీలిని నీటిలో కరగునట్టి రూపమునకు మార్చును. అప్పుడు నీటిపై ఊదావన్నె నురుగు లేచును. దానిని "నీలిపువ్వు" అందురు. పువ్వు విచ్చిన బానయే బ్రతికిన బాన. అందు ముంచిన బట్టకు గాలి తగులగానే, కరగియున్న నీలి మఱల కరగని నీలియై నూలుపోగును పట్టుకొనును. పసరు నీలమగుటకు కారణమిదియే.

మొదటి మూడు నెలలు నాకు బాన కలియబెట్టుటయే పని. అడుగుమడ్డి లేచునట్లు కఱ్ఱతో త్రిప్పవలెను. ఆ నీరు వ్రేళ్లమధ్య జిగటగా జాఱుచున్నదా, వాసన యెట్లున్నది, నురుగే వన్నెలో నున్నది యని చూడవలెను. క్షారము తగ్గిన బాన కుళ్లును గాన సున్నము వేయవలెను. రంగు మందగించినచో తవుడు కాచి పోయవలెను. ఎక్కువ బట్టలు ముంచిన మఱునాడు దానికి విశ్రాంతి నీయవలెను. పాలు తోడువేయుట, పిండి పులియబెట్టుట, ఊఱగాయజాడీకి తడిచేయి తగులకుండ కాపాడుట ఎఱిగిన మనకు ఇందు వింత యేమున్నది? ఒకనాడు నేను బానపై మూత సవరించుట చూచి, "నీకిది యెవరు నేర్పిరి?" అని సెన్సే యడిగిరి. "మా యింటి పెరుగు" అంటిని. ఆమె పకపక నవ్విరి. ఆ మఱుసటి శనివారము నా చేతికి మైనపు కుంచె ఇచ్చిరి.

బట్టపై మైనముతో బొమ్మ వ్రాసి రంగులో ముంచిన, మైనమున్నచోట రంగు పట్టదు. మైనము తీసివేయగా తెల్లని బొమ్మ మిగులును. జపానులో ఈ విద్య మిక్కిలి ప్రాచీనము. 8వ శతాబ్దమున నారా నగరము రాజధానిగా నున్నప్పుడు దీనిని "రోకెచి" యనిరి. 756 లో షోము చక్రవర్తి గతింపగా, కోమ్యో రాణి ఆయన వస్తువులను తోదాయిజి యను బౌద్ధాలయమునకు సమర్పించెను. అట్టి వస్తువులను దాచిన షోసోయిన్ భాండాగారమున, చెట్టుక్రింద ఏనుగును, చెట్టుక్రింద పొట్టేలును మైనముతో అద్దిన తెఱలు నేటికిని కలవు. కాలక్రమమున ఆ పద్ధతి యచ్చట అంతరించి, బియ్యపుపిండి జిగురుతో రంగు నడ్డుట వాడుకయైనది. 20వ శతాబ్దారంభమున క్యోటో నగరమున మైనపు పనిని మఱల వెలుగునకు తెచ్చిరి. పెక్కు రంగులకు నీరు కాచవలెను. ఆ వేడికి మైనము నిలువదు. నీలిబాన గోరువెచ్చగా మాత్రమే యుండును గాన మైనమునకు దానితో పొత్తు కుదురును.

ఈ పనిలో నేను నేర్చిన నియమములు కొన్ని చెప్పెదను. క్రొత్తబట్టను ముందుగా ఉడికించి గంజి పోగొట్టవలెను. లేనిచో మైనము ఇంకదు, రంగు పట్టదు. తేనెమైనము వంగును గాని సులువుగా పగులదు. పారఫిన్ మైనము పెళుసు. రెంటిని కలిపి వాడుదురు. మైనము చాలినంత కాగనిచో బట్టపై తెల్లగా పేరుకొనును, దాని క్రిందికి రంగు దూరును. సరిగా కాగినచో నూనె పీల్చిన కాగితమువలె బట్ట తేటపడును. మితిమీఱి కాగినచో గీతదాటి ప్రాకును, పొగలేచి నిప్పంటుకొనును. కావున దానిని మంటపై పెట్టరాదు. విద్యుత్తు పొయ్యిపైనే కాచి, మూత చేరువ నుంచుకొనవలెను. ఒకవేళ అంటుకొన్నచో పొయ్యి ఆపి మూతవేయవలెనే గాని నీరు చల్లరాదు. పిల్లలున్న యిండ్లలో ఈ మాట మఱవరాదు.

ఏడాది గడచినది. చేతిగుడ్డలు, మెడగుడ్డలు కొన్ని అద్దితిని. అంతట నాకు ధైర్యము హెచ్చి, అమ్మ యిచ్చిన చీరలలో నొకటి తీసితిని. చీరయంతయు ముదురు నీలముగా అద్ది, నడుమ మల్లెమొగ్గలు మాత్రము తెల్లగా విడిచి, ఆమెకే పంపవలెనని నా యుద్దేశము. తన చీరయే రంగై తిరిగివచ్చిన కాదనలేదు గదా! సెన్సేతో ఈ యూహ చెప్పలేదు. "మా యమ్మ చీర" అని మాత్రమంటిని.

నాలుగు శనివారములు కూర్చుండి మొగ్గలు వ్రాసితిని. జనవరి నెల, చేతులు కొంకర్లు పోవుచుండెను. ఆ దేశమున నీలములోని ప్రతి మెట్టునకును పేరు కలదు. ఒక్కమాఱు ముంచి తీసిన లేతవన్నె "కమెనొజొకి", అనగా బానలోనికి తొంగిచూచినది. తరువాత అసగి, హనద, కొన్. తుదకు నలుపు తిరిగినది కచి. నాకు కొన్ కావలెను. ఆఱు ముంపులైనవి, ఏడు, ఎనిమిది యైనవి. "ఇక చాలు. మైనము అలసినది" అని సెన్సే చెప్పిరి. "ఇంకొక్కటి" యని నేను వేడితిని. ఆమె మాఱు పలుకలేదు. చలికి బిగిసిన బట్ట బానలో నిమడకున్న, నేను దానిని మడిచి ముంచితిని. చేతిలో సన్నని చప్పుడైనది, ఎండుటాకును త్రొక్కినట్లు.

మైనము పోవుటకు చీరను నీళ్లలో ఉడికించితిమి. మైనము పైకి తేలి, చల్లారి, పెచ్చుగట్టినది. విప్పి చూతును గదా, సగము మొగ్గలలో నీలపు నెఱ్ఱెలు ప్రాకి మాసిన గుడ్డపీలికలవలె నున్నవి. పాతచీర యగుటచే రెండుచోట్ల నూలు కూడ తెగినది. అట్టి నెఱ్ఱెలనే కోరి తెచ్చుకొనువారును కలరు. కొన్ని బట్టలకు అవి యందమే. నా మొగ్గలకు మాత్రము అవి యందము గాలేదు. పరులయింట నున్నానను సంగతి మఱచి నేను వెక్కి వెక్కి యేడ్చితిని.

సెన్సే తేనీరు తెచ్చి నా ముందుంచి, "మీ యమ్మగారు ఏ రంగు కట్టుదురు?" అని యడిగిరి.

"తెలుపు."

"ఎల్లప్పుడునా?"

"ఎల్లప్పుడును. దానిని మాన్పింపవలెననియే నా యీ పాటు" అని జరిగినదంతయు వచ్చిన భాషలో చెప్పితిని.

ఆమె కొంతసేపూరకుండి, "మైనము పెట్టునది ఉండవలసినదానిని ఉంచుటకు. ఏది యుండవలెనో ఆమెను అడిగితివా?" అనిరి.

నేనడుగలేదు. ముప్పదియేండ్లలో మే మెవ్వరమును అడుగలేదు. రంగు ఏల కట్టవని యడిగితిమే గాని, నీకేది యిష్టమని యొక్కనాడును అడుగలేదు.

ఆనాడే ఆమె మా యూరెక్కడిదని విచారించి, సముద్రతీరమున బందరనగానే లోనికి పోయి యొక పెద్ద బొమ్మల పుస్తకము తెచ్చిరి. అందు "సరస" యని వారు పిలుచు అద్దకపు గుడ్డముక్కల చిత్రములున్నవి. 17వ శతాబ్దారంభముననే డచ్చివారు మా బందరులో వర్తకశాల పెట్టిరి. వారి యోడలు మన దేశపు అద్దకపు బట్టలను జపానునకు చేర్చెడివి. అక్కడి తేనీటి గురువులు ఆ గుడ్డను చిన్నముక్కలుగా కోసి తమ విలువైన పాత్రలకు సంచులు కుట్టించుకొనెడివారు. హికొనె ప్రభువులు దాచిన సుమారు 450 ముక్కలు నేడు తోక్యో జాతీయ ప్రదర్శనశాలలో నున్నవట.

పెడనలో అచ్చులతో కలంకారీ వేయుటయు, కాళహస్తిలో కలముతో వ్రాయుటయు నేనెఱుగుదును. ఎఱుపునకు చిరివేరు, నలుపునకు బెల్లపునీటిలో ఊరిన యినుము అనియు వినియుంటిని. నీలము మాత్రము కలముతో వ్రాయ సులువుగాదు. గాలి తగులగానే కరగినది కరగనిదగును గదా. అందుచే పూర్వము మన యద్దకపువారు నీలము కావలసిన తావు విడిచి, తక్కిన బట్టకంతకును మైనము పూసి నీలిబానలో ముంచెడివారు. 1742 లో కూర్దూ యను ఫ్రెంచి పాదిరి కోరమాండల్ తీరమునుండి వ్రాసిన లేఖలో ఈ పని వర్ణింపబడినది. ఇంతదూరము వచ్చి నేను కష్టపడి నేర్చుచున్నది మా తీరమున ఒకప్పుడు వాడుకగా నుండిన విద్యయే! సిగ్గును, సంతోషమును ఒక్కమాఱే కలిగినవి.

ఆ రాత్రి అమ్మతో ఫోనులో మాటాడితిని. "అమ్మా, చీరలో నీకేది యిష్టము?" అంటిని. ఆవలినుండి చాలసేపు మాట లేదు. పిమ్మట, "ఇప్పుడదంతయు నేలనే?" అని, కొంత తడవునకు తానే, "మా పుట్టింటి పెరటిగోడమీద శంఖుపూల తీగ యుండెడిది. ఆ పూవు వన్నె చిన్నప్పుడు నాకెంతో యిష్టము. అయినను చీర తెల్లగా నుండవలెనే అమ్మాయీ. కొంగున నెక్కడైన నున్న నుండనీ" అన్నది.

మా యక్క బందరునుండి క్రొత్త తెల్ల నేతచీర పంపినది. ఈమాఱు కొంగు మాత్రమే ముంచుటకు నిశ్చయించితిమి. మన పూర్వుల పద్ధతినే, తీగయు పూలును విడిచి, కొంగంతటికి మైనము పూసితిని. రంగు పైకి ప్రాకకుండ కొంగునకును చీరకును నడుమ నాలుగు వ్రేళ్ల మైనపు కట్ట కట్టితిని. ఫిబ్రవరిలో మొదలిడిన పని ఏప్రిలునకు ముగిసినది. అప్పటికి చలి తగ్గి మైనము మెత్తబడినది. తక్కిన చీరను చుట్టగా చుట్టి సెన్సే పైకెత్తి పట్టుకొనగా, నేను కొంగును నిలువుగా, మడత పడకుండ, బుడగ లేవకుండ, మెల్లగా దించితిని. తీసి గాలి సోకనిచ్చి, నీట జాడించి, మఱల దించితిని. మూడు ముంపులకు శంఖుపూవు వన్నె వచ్చినది. "ఇంకొకటి?" అని సెన్సే నా ముఖము చూచిరి. "చాలునండీ" అంటిని.

వేసవిలో బందరు వచ్చి చీర అమ్మ చేతిలో పెట్టితిని. ఆమె కొంగు విప్పి పూవు పూవును వ్రేలితో తడవి చూచినది. తరువాత, "నీలిబట్ట మడికి పనికిరాదని మీ యమ్మమ్మ అనెడిదే" అన్నది. నిజమే, ధర్మశాస్త్రములలో నీలిబట్టకు నిషేధము చెప్పినారు. "పూజకు కట్టవలదులే, అమ్మా" అంటిని. ఆమె చీర మడిచి, బీరువాలో, ఆ రంగుచీరల ప్రక్కనే పెట్టినది. నా గుండె జాఱిపోయినది. అయినను ఏమియు ననలేదు. ఉండవలసినదేదో నిర్ణయించుట ఆమె వంతు గదా.

పది దినములు గడచినవి. మేము తిరుగు ప్రయాణమునకు సర్దుకొనుచుండగా, అమ్మ స్నానము చేసి ఆ చీర కట్టుకొని, చేసంచి పట్టుకొని వచ్చి, "రైతుబజారునకు పోయివత్తును. ములక్కాడలు లేవు" అన్నది. నేను గుమ్మములో నిలిచి చూచుచుంటిని. ఎదురింటి కోడలుపిల్ల ముగ్గు వేయుచు తలయెత్తి, "పిన్నిగారూ, రంగుచీర కట్టితిరే!" అన్నది.

"రంగేమిటే, తెల్లచీరే. కొంగున నాలుగు శంఖుపూలున్నవి, అంతే" అని, అమ్మ కొంగు భుజముమీద సవరించుకొని వీథి మలుపు తిరిగినది.

సోదరీమణులారా! బానలు పెట్టుటయు మైనము కాచుటయు మనకందఱకు వీలుపడదు. కాని రాబోవు పండుగకు మీ యింటి పెద్దలకు చీర తెచ్చునప్పుడు, అంగడికి పోకముందు ఒక్కమాట వారినే యడుగుడు. నేను పాడుచేసిన ఆ మొదటి చీర నా మైనపు పెట్టెలో కుంచెలు తుడుచుకొను గుడ్డగా నున్నది. రెండవ పాతచీర తెల్లగానే నాయొద్ద నున్నది. దానిని నేను ముంచను.